ఒక్క పెన్సిలు చాలు: చిత్రకారుడు దామెర్ల రామారావు జీవితం

పోటీ పరీక్షలకు చదివే మనలో చాలామందికి దామెర్ల రామారావు పేరు ఒక బిట్టుగానే తెలుసు. రాజమండ్రి చిత్రకళాశాల స్థాపకుడు ఎవరు అని అడిగితే ఆ పేరు గుర్తించి తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోతాం. కానీ ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే కన్నుమూసిన ఆయన జీవితంలో ఒక్క మార్కుకు మించిన విషయం ఉంది. దాన్ని మన హాస్టల్ తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ చెప్పాలనే ఈ చిన్న ప్రయత్నం.

రామారావు 1897 మార్చి 8న గోదావరి ఒడ్డున ఉన్న రాజమండ్రిలో, అంటే ఇప్పటి రాజమహేంద్రవరంలో జన్మించారు. చిన్నప్పటి నుంచే ఆయనకు బొమ్మలంటే ప్రాణం. ఆ రోజుల్లో అక్కడి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు ప్రిన్సిపాల్‌గా ఉండేవారు. ఆయన స్వయంగా కవి, చిత్రకారుడు. తెల్లదొరల పాలన సాగుతున్న కాలమది. అయినా ఆయన తెలుగు విద్యార్థులను ఆప్యాయంగా చేరదీశారు. తర్వాతి కాలంలో రచయితగా, చిత్రకారుడిగా పేరు పొందిన అడవి బాపిరాజు కూడా ఆయన శిష్యుడే. పుస్తకంలోని బొమ్మను చూసి దించడం కాదు, కళ్ళెదుట ఉన్న నదిని, చెట్టును, మనిషిని చూసి గీయాలనే అలవాటు ఆ గురువు దగ్గరే బలపడింది. శిష్యుడిలోని ప్రతిభను గుర్తించి, బొంబాయి పంపించి చదివించడానికి పూనుకున్నది కూడా కూల్డ్రే గారే.

బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్ 1857లో మొదలైన పేరున్న సంస్థ. రామారావు 1916లో అక్కడ చేరి 1920లో ప్రథమ శ్రేణిలో చదువు ముగించారు. ఆ నగరంలోనే ఉండిపోయే అవకాశం ఉన్నా, తన ఊరికే తిరిగి వచ్చారు.

ఆయనకు పేరు తెచ్చినవి రంగుల చిత్రాలు. సిద్ధార్థ రాగోదయం, పుష్పాలంకరణ, కార్తీక పూర్ణిమ వంటివి తెలుగువారి చిత్రకళకు కొత్త దారి చూపాయి. కానీ ఆ రంగుల వెనుక ఆయన నింపిన స్కెచ్ పుస్తకాలు ఎన్నో ఉన్నాయి. వాటిలో కనిపించేది పెన్సిలు గీతే. ఆయనను అర్థం చేసుకోవాలంటే ముందుగా వాటి దగ్గరికే వెళ్ళాలని నా అభిప్రాయం.

పెన్సిలు బొమ్మకు రంగు లేదు. ఉన్నది తెల్ల కాగితం, నల్ల గీత. ఎండ పడిన చోట కాగితాన్ని అలాగే వదిలేయాలి. నీడ ఉన్న చోట గీత మీద గీత వేయాలి. దూరపు కొండకు చేయి తేలిక చేయాలి, దగ్గరి చెట్టు మొదలుకు గట్టిగా నొక్కాలి. ఆకు పచ్చగా ఉందని తెలిస్తే చాలదు. ఏ ఆకు ముదురు, ఏది లేత, వెలుతురు ఎటు నుంచి వస్తోంది అన్నది చూడాలి. అందుకే చైనా, జపాన్ చిత్రకారులు శతాబ్దాల పాటు ఒక్క నల్ల సిరాతోనే కొండలూ వెదురు పొదలూ గీశారు. రంగు తగ్గిన కొద్దీ చూపు పెరుగుతుంది. చూస్తూ కూర్చున్నంతసేపు మనసు నిమ్మళంగా ఉంటుంది. బహుమతి రాకపోయినా ఆ సంతోషం మాత్రం గీసినవాడికి దక్కుతుంది.

రామారావు ఆ సంతోషాన్ని తన ఒక్కడికే దాచుకోలేదు. రాజమండ్రిలో చిత్రకళాశాల ప్రారంభించి యువకులకు నేర్పారు. ఆయన భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే. ఆడపిల్లలకు చదువే అరుదైన కాలంలో ఒకే ఇంట్లో ఇద్దరు స్త్రీలు కుంచె పట్టడం చిన్న విషయం కాదు.

ఇంతలోనే మశూచి ఆయనను కబళించింది. 1925 ఫిబ్రవరి 6న కన్నుమూశారు. బొంబాయి చదువు ముగిశాక ఆయనకు దొరికినవి అయిదేళ్ళు కూడా సరిగ్గా లేవు. అయినా మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ కళాశాలను నిలబెట్టారు, బొమ్మలను కాపాడారు. ఆయన పేరుతో రాజమహేంద్రవరంలో చిత్రశాల వెలిసింది.

మిత్రులారా! చిక్కడపల్లి గ్రంథాలయంలో సీటు కోసం పొద్దున్నే వెళ్ళేవాళ్ళం, అశోక్ నగర్ గదుల్లో నోటిఫికేషన్ కోసం ఎదురుచూసేవాళ్ళం మనం. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడిని నేనే. ఉద్యోగం రాకముందు బొమ్మలేమిటని ఇంట్లోవాళ్ళు అడిగితే, ఆ ప్రశ్నలో న్యాయం ఉందని నాకు తెలుసు. రామారావుకు దొరికినట్టు ఒక కూల్డ్రే మనలో అందరికీ దొరకడు. బొంబాయి పంపేవాళ్ళూ ఉండరు. అంతమాత్రాన చూసే కన్ను కూడా మనకు లేదని అనుకోనక్కర్లేదు.

పక్కనే ఇందిరా పార్కులో చెట్లున్నాయి. నారాయణగూడలో ఏ పుస్తకాల షాపులో అడిగినా పెన్సిలు దొరుకుతుంది. హాలిడే రోజున అరగంట చాలు. ఒక వేప కొమ్మను చూసి, చూసినట్టు గీయండి. మొదట వంకరగానే వస్తుంది. రెండోసారి ఆ కొమ్మ మీద మొదట కనిపించని ముడి ఒకటి కనిపిస్తుంది. చదువు మనకు ఉద్యోగం ఇవ్వాలి, తప్పదు. దానితో పాటు లోకాన్ని నిదానంగా చూసే ఓపిక కూడా మనకు అలవడితే, దామెర్ల రామారావు మన పుస్తకాల్లో ఒక బిట్టుగా మిగిలిపోరు.