పేరు రాస్తే వంద పౌండ్ల జరిమానా!

కష్టమంతా మీది, పేరు ఇంకొకరికి. అలా జరిగితే ఏం చేస్తారు? పని వదిలేస్తారా? అయితే ఎట్టీ రౌట్ కథ మీకోసమే.

ఆమె 1877లో టాస్మానియాలో పుట్టారు, న్యూజిలాండ్‌లో పెరిగారు. డాక్టరూ కాదు, నర్సూ కాదు. చేతిలో ఉన్న విద్యల్లా షార్ట్‌హ్యాండ్, టైపింగ్. దాంతోనే 1902లో సుప్రీంకోర్టులో షార్ట్‌హ్యాండ్ రైటర్ అయ్యారు. విన్నది విన్నట్టు రాసుకోవడం అక్కడే అలవాటైంది.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. సైనికులకు సాయపడేందుకు 1915లో మహిళల బృందాన్ని కూడగట్టి, మరుసటి ఏడాది ఈజిప్టు వెళ్లారు. అక్కడ చూస్తే తూటా తగలకుండానే మంచమెక్కినవాళ్లు ఎందరో! కారణం సుఖవ్యాధులు. పెన్సిలిన్ ఇంకా రాలేదు. అందరూ దాన్ని నీతి సమస్యగా చూస్తుంటే, ఎట్టీ మాత్రం ఇది వైద్య సమస్య, ముందే అడ్డుకోవాలి అన్నారు.

అలా అనేసి ఊరుకోలేదు. 1917లో లండన్ చేరి, అప్పటిదాకా జరిగిన పరిశోధనల్ని శ్రద్ధగా చదివారు. కాలోమెల్ లేపనంతో సిఫిలిస్‌ను అడ్డుకోవచ్చని పారిస్‌లో మెచ్నికాఫ్, రూ అనే శాస్త్రవేత్తలు కోతులపై చేసిన ప్రయోగాల్లో అప్పటికే తేలింది. ఎట్టీ ఆ లేపనం, కండోమ్‌లు, పొటాషియం పర్మాంగనేట్ కలిపి చిన్న కిట్ తయారుచేశారు. హార్న్‌చర్చ్‌లోని సైనికుల క్లబ్‌లో తానే అమ్మారు.

ఆ ఏడాది చివరికల్లా న్యూజిలాండ్ సైన్యం దిగొచ్చింది. సెలవుపై వెళ్లే ప్రతి సైనికుడికీ కిట్ ఉచితం, తీసుకోవడం తప్పనిసరి! మరి ఎట్టీకి దక్కిందేంటి? కనీసం పేరు కూడా రాలేదు. పైగా ఆమె పేరు అచ్చువేసిన పత్రికకు 100 పౌండ్ల దాకా జరిమానా పడొచ్చని ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. చెడును ప్రోత్సహిస్తోందంటూ మహిళా సంఘాలూ మండిపడ్డాయి.

ఆమె ఆగలేదు. పారిస్ వెళ్లి, రైలు దిగే సైనికులను స్టేషన్‌లోనే కలిసి కిట్లు పంచారు. ఫ్రాన్స్ పతకమిచ్చి గౌరవించింది. సొంత దేశం మాత్రం 1922లో వచ్చిన ఆమె పుస్తకాన్నీ నిషేధించింది. 1936లో పసిఫిక్ దీవి రారోటోంగాలో కన్నుమూశారు.

ఆమెకు వైద్య పట్టా లేదు, పదవి లేదు. కళ్లముందున్న సమస్యను ఓపిగ్గా చదివారు, పరిష్కారం చేతిలో పెట్టి చూపించారు. రేపు మీ ఆఫీసులోనో, ల్యాబ్‌లోనో మీ పేరు లేకుండానే మీ పని ముందుకెళ్తే బాధపడండి, తప్పులేదు. పని మాత్రం ఆపకండి.