గస్సీ నెల్ డేవిస్

గస్సీ నెల్ డేవిస్ (నవంబర్ 4, 1906 - డిసెంబర్ 20, 1993) అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రానికి చెందిన వ్యాయామ ఉపాధ్యాయురాలు, నృత్య శిక్షకురాలు. ఫుట్‌బాల్ మైదానంలో వరుస కట్టి నృత్యం చేసే విద్యార్థినుల బృందాలకు, అనగా డ్రిల్ బృందాలకు, ఈమె 1940లో స్థాపించిన 'రేంజరెట్స్' మూలమని భావిస్తారు. ఆట సాగుతుండగా నినాదాలతో ప్రేక్షకులను ఉత్సాహపరచేవారు చీర్‌లీడర్లు. ఆట నడిమి విరామంలో మైదానంలోకి దిగి ప్రదర్శన ఇచ్చేవి డ్రిల్ బృందాలు. ఈ రెండూ ఒకటే అనుకోవడం పొరపాటు. అయితే రెండింటిలోనూ స్థానం కోసం విద్యార్థినులు నెలల తరబడి సాధన చేసి ఎంపిక పోటీలో నెగ్గవలసి ఉంటుంది.

బాల్యం, విద్య

డేవిస్ టెక్సాస్‌లోని ఫార్మర్స్‌విల్‌లో జన్మించింది. డెంటన్ పట్టణంలోని మహిళా కళాశాలలో వ్యాయామ విద్య అభ్యసించి 1927లో పట్టభద్రురాలైంది. తరువాత 1938లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుండి స్నాతకోత్తర పట్టా పొందింది. 1928లో గ్రీన్‌విల్ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయినిగా చేరింది. అక్కడ కేవలం కేకలు వేయడానికే పరిమితమైన బాలికల బృందానికి డప్పులు, బాకాలు, కర్ర తిప్పే విన్యాసాలు నేర్పి 'ఫ్లేమింగ్ ఫ్లాషెస్' అనే ప్రదర్శన బృందంగా తీర్చిదిద్దింది.

కిల్గోర్‌లో

1930లో చమురు బయల్పడటంతో కిల్గోర్ ఒక్కసారిగా ధనిక పట్టణమైంది. అక్కడి కళాశాల డీన్ మాస్టర్స్‌కు రెండు చిక్కులుండేవి. కళాశాలలో చేరే ఆడపిల్లలు తక్కువ. ఆట విరామంలో ప్రేక్షకులు మెట్ల కిందికి చేరి మద్యం సేవించేవారు. వారిని కూర్చున్న చోటనే నిలిపి ఉంచే ఉపాయం కోసం ఆయన 1939లో డేవిస్‌ను పిలిపించాడు. రేంజరెట్స్ తొలి ప్రదర్శన 1940 సెప్టెంబరులో జరిగింది. ఎరుపు, తెలుపు, నీలం రంగుల దుస్తులు, తెల్లటి టోపీ, ఆ టోపీ అంచును తాకేటంత ఎత్తుకు లేచే కాలు ఈ బృందానికి గుర్తులయ్యాయి. 1951 నుండి కాటన్ బౌల్ పోటీలలో ఈ బృందం ప్రదర్శనలిస్తూ వచ్చింది.

ఎంపిక విధానం

అభ్యర్థినులు రోజుల తరబడి కఠిన శిక్షణ పొంది, న్యాయనిర్ణేతల ఎదుట నృత్యం చేయాలి. ఒంటరిగా రాణిస్తే చాలదు. పక్కనున్న వారితో కాలు, చూపు, చిరునవ్వు కలవాలి. నొప్పి ముఖంలో కనిపించరాదు. ఫలితాల ప్రకటన మరీ ఉత్కంఠభరితం. అందరూ సభాభవనంలో ఎదురుచూస్తుండగా, ఎంపికైన వారి సంఖ్యలు గల పెద్ద ఫలకం పైనుండి కిందికి జారుతుంది. మరుక్షణం సంతోషపు కేకలు, ఏడ్పులు కలిసిపోయి వినిపిస్తాయి. ఛాయాగ్రాహకుడు ఇలియట్ ఎర్విట్ ఈ ఘట్టాలను 1971 నాటి 'బ్యూటీ నోస్ నో పెయిన్' అనే లఘుచిత్రంలో చూపించాడు.

విమర్శలు

అందరినీ ఒకే మూసలో పోయడం ఆడపిల్లల వ్యక్తిత్వాన్ని అణచడమేనని 1970లలో స్త్రీవాదులు ఆక్షేపించారు. ఇది కొంతవరకు సమంజసమే. అంతకన్న బరువైన లోపం మరొకటి ఉంది. పాఠశాలల్లో జాతి విభజన చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 1954లో తీర్పు ఇచ్చినా, ఈ బృందంలో తొలి నల్లజాతి యువతికి చోటు దక్కింది 1973లోనే. అప్పటికి బృందం ఏర్పడి 33 ఏళ్ళు గడిచాయి.

చివరి సంవత్సరాలు

డేవిస్ 1979లో పదవీ విరమణ చేసింది. టెక్సాస్ ఉన్నత పాఠశాలలు అనేకం అప్పటికే ఆమె పద్ధతిలో బృందాలను నడుపుతున్నాయి. 1993 డిసెంబర్ 20న, తన 87వ ఏట మరణించింది.