సలీం అలీ: డిగ్రీ లేని పక్షుల మాస్టారు



చలికాలంలో మీరు నాయుడుపేట మీదుగా సూళ్లూరుపేట వెళ్లి శ్రీహరికోట రోడ్డెక్కి ఉంటే, పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలను చూసే ఉంటారు. పిల్లలు వెంటనే అడుగుతారు: ఇన్ని పక్షులు ఇక్కడికే ఎందుకు వస్తాయి అని. ఇలాంటి ప్రశ్నల వెంటే జీవితమంతా తిరిగిన మనిషి సలీం అలీ.

1896 నవంబరు 12న బొంబాయిలో, ఇంట్లో తొమ్మిదో బిడ్డగా పుట్టారు. మూడేళ్లు నిండేసరికి తల్లీ తండ్రీ ఇద్దరూ లేరు. మేనమామ ఇంట్లో పెరిగారు. పదేళ్లప్పుడు బొమ్మ తుపాకీతో ఒక పిచ్చుకను కొట్టారు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. అదేం పిట్టో మేనమామకూ తెలియక, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ కుర్రాడిని విసుక్కోలేదు. భద్రపరిచిన పక్షులన్నిటినీ ఓపికగా చూపించారు. టీచర్‌గా నాకు ఈ కథలో మిల్లార్డ్ అంటే ప్రత్యేకమైన ఇష్టం.

లెక్కలంటే సలీంకు భయం. కాలేజీ మధ్యలో మానేసి బర్మాలో అన్న వ్యాపారంలో చేరారు. తిరిగొచ్చి జువాలజీ క్లాసులకు వెళ్లారు గానీ, యూనివర్సిటీ డిగ్రీ లేదని జువలాజికల్ సర్వేలో ఉద్యోగం దక్కలేదు. మ్యూజియంలో గైడుగా చేరి, సెలవు పెట్టి జర్మనీలో పక్షిశాస్త్రం నేర్చుకుని వచ్చేసరికి ఆ పోస్టూ రద్దయింది. అప్పుడు భార్య తెహ్మీనాతో కలిసి కిహిమ్ అనే సముద్రతీర పల్లెకు వెళ్లి, గిజిగాడు గూడెలా కడుతుందో రోజుల తరబడి చూస్తూ కూర్చున్నారు. ఆ పరిశీలనే పేరు తెచ్చింది. ఆ వెంటనే 1931-32లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేశారు. అంటే ఈనాటి తెలంగాణలోనూ తిరిగారన్నమాట. 1941లో వచ్చిన ఆయన పక్షుల పుస్తకం ఇప్పటికీ షాపుల్లో దొరుకుతుంది.

నీటి విషయానికొస్తే, రాజస్థాన్‌లోని భరత్‌పూర్ చెప్పుకోవాలి. అక్కడి మడుగులు రాజులు బాతుల వేట కోసం కట్టలు కట్టి నీళ్లు నిలిపినవి. 1938లో ఒక్కరోజు వేటలోనే నాలుగు వేలకు పైగా పక్షులు చచ్చాయి. స్వాతంత్ర్యం వచ్చాక, ఆ నీళ్లు తోడేసి పొలాలు చేయాలన్న డిమాండు లేచింది. సలీం అలీ నెహ్రూ దాకా వెళ్లి ఆపించారు. అక్కడే పక్షుల కాళ్లకు రింగులు వేయించి, అవి సైబీరియా వంటి దూరాల నుంచి వస్తున్నాయని తేల్చారు.

అయితే అన్నీ ఆయన అనుకున్నట్టే జరగలేదు. గేదెల మేత వల్ల పక్షులకు నష్టమని సలహా ఇచ్చినవారిలో ఆయనా ఉన్నారు. 1982లో మేత ఆపేశారు. గొడవలై ప్రాణాలు పోయాయి. కొన్నేళ్లకు గడ్డి అడ్డూ అదుపూ లేకుండా పెరిగి నీటిని కమ్మేసింది, బాతులు తగ్గాయి. గేదెలే ఆ మడుగును శుభ్రంగా ఉంచుతున్నాయని తేల్చింది ఎవరో కాదు, ఆయన సొసైటీవాళ్లే. ఆ నివేదిక పూర్తయ్యేనాటికి సలీం అలీ లేరు. 1987 జూన్ 20న కన్నుమూశారు. ఉండి ఉంటే ఒప్పుకునేవారనే నా నమ్మకం.

మన పులికాట్‌కూ ఇది వర్తిస్తుంది. కాళంగి, ఆరణి నదుల నీళ్లూ సముద్రపు ఉప్పునీళ్లూ కలిస్తేనే అది బతుకుతుంది. సముద్రంతో కలిపే ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతే నీరు తగ్గుతుంది, చేపలు తగ్గుతాయి. అప్పుడు జాలరికీ నష్టమే, పక్షికీ నష్టమే. సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టులో గూడబాతులు చెరువులోని చెట్లమీద గూళ్లు కడతాయి. వాటి రెట్టలు కలిసిన నీళ్లు పొలాలకు బలమని ఊరివాళ్లు వాటిని తరిమేయరు.

ఈ సెలవుల్లో నేలపట్టు వెళితే పొద్దున్నే వెళ్లండి. బైనాక్యులర్స్ ఉంటే సరే, లేకపోయినా పర్వాలేదు. బిడ్డ చేతికి ఒక నోటుబుక్కు ఇవ్వండి. ఏమేం చూసిందో రాసుకోనివ్వండి, పక్షుల పేర్లు తప్పు రాసినా అప్పుడే దిద్దకండి.