గొంతు పోయాక రాసిన కోయిల పాట

నూజివీడు వైపు తోటల్లో పూత నిండుగా ఉండి, ఎక్కడో కొమ్మల్లోంచి కోయిల కూసిందంటే, కాస్త వయసు పైబడిన వాళ్లకి 'సీతామాలక్ష్మి' సినిమాలో యుగళగీతం గుర్తుకు రావాల్సిందే. మావి చిగురునీ కోయిల గొంతునీ ముడివేసి అల్లిన ఆ పాట 1978 నాటిది. రాసింది దేవులపల్లి కృష్ణశాస్త్రి. అప్పటికి ఆయనకి మాట పోయి పదిహేనేళ్లు!

1897లో పిఠాపురం దగ్గర చంద్రంపాలెంలో పుట్టారు కృష్ణశాస్త్రిగారు. తండ్రీ, పెదతండ్రీ ఇద్దరూ పిఠాపురం ఆస్థాన కవులే. మొదటి భార్య చిన్నవయసులోనే పోవడంతో ఆయన కవిత్వంలోకి కన్నీరు వచ్చి చేరింది. 1925లో 'కృష్ణపక్షం' వెలువడ్డాక విషాదకవి అన్న పేరు స్థిరపడిపోయింది. అయితే మనిషిని చూసినవాళ్లు మాత్రం ముందు చెప్పేది ఆయన మాట తీరు గురించే. ఆయన ఉపన్యాసమంటే జనం కదలకుండా కూర్చునేవారట. ఆకాశవాణిలో పనిచేశారు. 1951లో 'మల్లీశ్వరి' పాటలతో ఇంటింటికీ తెలిశారు.

అలాంటి మనిషికి గొంతు క్యాన్సర్ వచ్చింది. 1963లో స్వరం పోయింది. ఆ తర్వాత ఏం చెప్పాలన్నా కాగితం మీద రాసి చూపించడమే.

మరి ఆ రోజుల్లో ఆయన మనసెలా ఉండేది? దిగులు కవి కదా, బాగా కుంగిపోయే ఉంటారని మనం అనేసుకుంటాం. తీరా చూస్తే ఆ కన్నీటి కవితలన్నీ కుర్రతనంలోవి. మాట పోయాక రాసిన వాటిలో, 1979లో వచ్చిన 'గోరింటాకు' సినిమాలో ఆడపిల్లల అరచేతులు పండే పాట కూడా ఉంది. అలాగని బాధే లేదనీ చెప్పలేం. పైకి చూసి ఎవరి మనసూ చెప్పలేం, అడగాలి.

అలా అడిగే పద్ధతే 1963లో లేదు. 1977లో న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆసుపత్రిలో డాక్టర్ జిమ్మీ హాలండ్ రోగుల మనసు చూడ్డానికే ఒక విభాగం మొదలుపెట్టారు. 1990లలో ఆవిడ బృందం తయారుచేసిన సాధనం చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. కాగితం మీద థర్మామీటర్ బొమ్మ, పక్కన 0 నుంచి 10 దాకా అంకెలు. ఈ వారంలో మనసు ఎంత కష్టపడిందో ఆ అంకె చుట్టూ సున్నా చుడితే చాలు. 4 గానీ, అంతకుమించి గానీ వస్తే వివరంగా మాట్లాడాలని లెక్క. కింద డబ్బు ఇబ్బందా, పిల్లల గురించా, నిద్ర లేదా, భయమా అని గుర్తుపెట్టే పట్టిక. దీనికి నోరు అక్కర్లేదు. గొంతు తీసేసినవాళ్లకీ సరిపోతుంది.

ఎందుకింత తంటా అంటారా? ఆకలి లేకపోవడం, నీరసం, నిద్రపట్టకపోవడం క్యాన్సర్‌కీ ఉంటాయి, కుంగుబాటుకీ ఉంటాయి. ఇంట్లోవాళ్లు అన్నీ మందుల వేడి కింద కట్టేస్తారు. అందుకే 1983లో వచ్చిన ఇంకో ప్రశ్నావళిలో 14 ప్రశ్నలుంటే, ఒంటి బాధల్ని కావాలనే వదిలేసి మనసు సంగతులే అడిగారు. ఇష్టమైన పని మీద మునుపటి సరదా ఉందా, నవ్వొస్తోందా... ఇలాంటివి. వీటితో జబ్బు తేలిపోదు. ఎవరిని మానసిక వైద్యుల దగ్గరికి పంపాలో తెలుస్తుంది.

కృష్ణశాస్త్రిగారికి కలం ఉంది. పూత చూసి తోట బేరమాడే రైతుకీ, కాయ దగ్గర నిలబడి కూలీలని కేకేసే పెద్దాయనకీ గొంతే కదా బతుకుతెరువు! అది పోయాక ఆయన అరుగు మీద ఊరికే కూర్చుంటే, అలవాటైపోయాడులే అనుకుంటాం. చదువు రాకపోతే ఆ థర్మామీటర్ బొమ్మ గీసి వేలితో చూపించమనొచ్చు. ఆయన్ని చూసుకునే ఇల్లాలినీ అదే అడగొచ్చు, ఆవిడ దిగులు ఇంకా లోపలుంటుంది. ఆ అంకెని తర్వాతిసారి క్యాన్సర్ డాక్టరుకి చూపించండి. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ నంబరు 14416కి డబ్బు కట్టక్కర్లేదు. మాట రాని మనిషి కోసం ఇంట్లోవాళ్లే ఫోన్ చేయొచ్చు.

కృష్ణశాస్త్రిగారు 1976లో పద్మభూషణ్, 1978లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నారు. 1980 ఫిబ్రవరి 24న మద్రాసులో పోయారు. రెండేళ్ల తర్వాత వచ్చిన 'మేఘసందేశం'లోనూ ఆయన పాటలున్నాయి.