కంప్యూటర్‌ను పంచిన బడిపంతులు

కంప్యూటర్ చరిత్ర అనగానే ట్యూరింగ్ పేరు చెబుతాం. ఆయనతో కలిసి పనిచేసిన క్రిస్టఫర్ స్ట్రేచీని మన పాఠాల్లో తలుచుకోవడం తక్కువే. తలుచుకోవాలి. ఎందుకంటే ఆయన ఏడేళ్ల పాటు మనలాగే బడిపంతులు.

1916లో లండన్‌లో పుట్టారు. రచయిత లిట్టన్ స్ట్రేచీ ఆయనకు చిన్నాన్న. తాత సర్ రిచర్డ్ స్ట్రేచీ పేరు మన చరిత్రలోనూ ఉంది. 1876-78 నాటి ధాత కరువు తర్వాత వేసిన కరువు కమిషన్‌కు ఆయనే అధ్యక్షుడు. బళ్లారి ప్రాంతాన్ని ఆ కరువు ఎంత దెబ్బతీసిందో తెలిసిందే.

ఇంత పేరున్న ఇంట పుట్టినా క్రిస్టఫర్ చదువు సాఫీగా సాగలేదు. కేంబ్రిడ్జ్‌లో ఉండగా మానసికంగా కుంగిపోయారు, చివరికి రెండో తరగతిలో గట్టెక్కారు. యుద్ధకాలంలో ఒక టెలిఫోన్ కంపెనీలో చేసి, 1945లో కాంటర్‌బరీలో టీచరుగా చేరారు. 1949లో హారో స్కూలుకు మారారు.

1951 జనవరిలో ఒక మిత్రుడి ద్వారా నేషనల్ ఫిజికల్ లేబొరేటరీకి పరిచయమయ్యారు. అక్కడి కంప్యూటర్ ఆయన్ను పట్టేసింది. బడి సెలవుల్లో, ఖాళీ వేళల్లో కూర్చుని డ్రాఫ్ట్స్ ఆట ఆడే ప్రోగ్రామ్ రాశారు. ట్యూరింగ్ దగ్గర మాన్యువల్ తెప్పించుకుని మాంచెస్టర్ యంత్రానికి రాసిన ఒక పెద్ద ప్రోగ్రామ్ అయితే, పని ముగించి బ్రిటన్ జాతీయగీతం కూడా వినిపించింది. 1952లో బడి వదిలి పూర్తిగా ఈ పనిలోకి వచ్చేశారు.

అసలు విషయం 1959లో ఉంది. అప్పటి కంప్యూటర్ల ఖరీదు చాలా ఎక్కువ. ప్రోగ్రామర్ తప్పు వెతుక్కుంటూ ఆలోచిస్తే అంతసేపూ యంత్రం ఖాళీ. అలా ఖాళీగా ఉంచలేక ప్రోగ్రామర్‌ను యంత్రం దగ్గరికి రానివ్వకపోతే తప్పులు దిద్దుకోవడం కష్టం. ఆ జూన్‌లో పారిస్‌లో యునెస్కో జరిపిన సదస్సులో స్ట్రేచీ దీనికి దారి చూపారు: ఒకరు ఆలోచిస్తుండగా యంత్రం మరొకరి లెక్క చేస్తుంది, పిలవగానే మొదటివారి దగ్గరికి వస్తుంది. ఏకోపాధ్యాయ బడిలో మనం చేసేదే ఇది. నాలుగో తరగతికి లెక్కలిచ్చి, వాళ్లు చేసేలోగా రెండో తరగతికి పాఠం చెబుతాం. అయితే ఒక తరగతి పిల్లలు మరో తరగతి పలకలు చెరిపేయకూడదు కదా! ఒకరి ప్రోగ్రామ్ మరొకరి మెమరీని పాడుచేయకుండా అడ్డుకట్ట ఉండాలని కూడా ఆయన చెప్పారు. మా దృష్టిలో పంపకం కన్నా ఈ అడ్డుకట్టే గొప్ప ఆలోచన.

ఆయన ఊహించింది ప్రధానంగా ఒక ప్రోగ్రామర్ గురించి. ఒకేసారి అనేక మంది వాడుకునే ఏర్పాటును అమెరికాలో మెకార్తీ, కార్బటో వంటివారు ముందుకు తీసుకెళ్లారు. 1960ల్లోనే ఐబీఎం ఇంకో అడుగు వేసి, ఒకే యంత్రంలో ప్రతి ఒక్కరికీ విడి యంత్రం ఉన్నట్టు చూపించింది. దాన్నే వర్చువలైజేషన్ అంటున్నాం. ఒకే ఇంటిని వాటాలుగా అద్దెకిచ్చినట్టన్నమాట, ఎవరి గది తాళం వారిదే.

వందల కంప్యూటర్లను కలిపి, వాతావరణ అంచనాల వంటి భారీ లెక్కలు చేసే క్లస్టర్లలోనూ ఇప్పుడు ఈ పద్ధతి వాడుతున్నారు. ఒక శాస్త్రవేత్తకు ఒక ఆపరేటింగ్ సిస్టమ్ కావాలి, మరొకరికి ఇంకొకటి. ఎవరి వాటా వారికి ఇస్తారు. ఒక కంప్యూటర్‌ను మరమ్మతుకు తీయాలంటే, అందులోని వాటాను నడుస్తుండగానే పక్కదానికి మార్చొచ్చు. దీనికి మూల్యం కొంత వేగం తగ్గడం. అందుకే వేగమే ప్రాణమైన ఈ రంగంలో వర్చువలైజేషన్‌ను చాలాకాలం అనుమానంగా చూశారు.

స్ట్రేచీ 1962లో కేంబ్రిడ్జ్ చేరి సీపీఎల్ అనే ప్రోగ్రామింగ్ భాష రూపకల్పనలో పాల్గొన్నారు. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్ అయ్యారు. 1975లో కామెర్ల వ్యాధితో కన్నుమూశారు. సీపీఎల్ పెద్దగా వాడుకలోకి రాలేదు కానీ, దాని సంతతిలోంచే సి భాష పుట్టింది. 2003లో అదే కేంబ్రిడ్జ్ లేబొరేటరీ నుంచి, కంప్యూటర్‌ను వాటాలు చేసే జెన్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. దాన్ని రాసింది ప్రధానంగా సి భాషలోనే.