అణుబాంబు అలను కొలిచిన రోజర్ రెవెల్

1946 జులై 25న పసిఫిక్ మహాసముద్రంలోని బికినీ దీవుల వద్ద అమెరికా తొలిసారి నీటి కింద అణుబాంబు పేల్చింది. బాంబు సముద్రంలో పేలితే ఎంత పెద్ద అల లేస్తుంది? తీరాలను ముంచేసే ఆయుధం అవుతుందా? వీటికి కొలతలతో జవాబు రాబట్టాల్సిన శాస్త్రవేత్తల బృందానికి నాయకుడు రోజర్ రెవెల్. అప్పటికి ఆయన వయసు 37.

1909లో సియాటిల్‌లో పుట్టిన రెవెల్ కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సముద్రశాస్త్ర సంస్థలో 1936లో డాక్టరేట్ పొందారు. రెండో ప్రపంచ యుద్ధం ఆయన్ను నౌకాదళంలోకి తీసుకెళ్లింది.

బికినీలో బాంబును 27 మీటర్ల లోతున పేల్చారు. సముద్రం అడుగున పీడన పరికరాలు, దీవుల మీది టవర్లపై కెమెరాలు అలలను నమోదు చేశాయి. పేలుడుకు 300 మీటర్ల దూరంలో తొలి అల ఎత్తు 29 మీటర్లు. ఐదున్నర కిలోమీటర్ల అవతలి తీరాన్ని చేరేసరికి అతి పెద్ద అల ఎత్తు ఐదు మీటర్ల లోపే.

కారణం సులభంగానే అర్థమవుతుంది. 2004లో మన తీరాన్ని తాకిన సునామీకి మూలమైన భూకంపంలో వెయ్యి కిలోమీటర్లకు పైగా సముద్రగర్భం కదిలింది. బాంబు కదిపేది ఒక్క చోటి నీటినే. అందులోనూ పేలుడు శక్తిలో కొద్ది భాగమే అలగా మారుతుంది.

అసలు ప్రమాదం అల కాదు. రేడియోధార్మిక తుంపర ఓడలను కప్పేసింది. ఎంత కడిగినా చాలా ఓడలు శుభ్రపడలేదు. మూడో పరీక్షను రద్దు చేశారు. పరీక్షల కోసం ఖాళీ చేయించిన 167 మంది బికినీ వాసుల జీవితాలు మళ్లీ కుదుటపడలేదు.

1952 నవంబర్ 1న ఎనివెటాక్‌లో హైడ్రోజన్ బాంబు పరీక్షకు ముందు మరో భయం. పగడపు దీవి అంచు జారి సునామీ పుడితే? అప్పటికి రెవెల్ స్క్రిప్స్ డైరెక్టర్. ఆ సంస్థకు చెందిన వాల్టర్ మంక్, విల్లర్డ్ బాస్కమ్ నడిసముద్రంలో చిన్న తెప్పల మీద ఉండి నీటి పీడనాన్ని గమనించారు. సునామీ రాలేదు.

ఆ తర్వాత రెవెల్ దృష్టి చప్పుడు లేని మార్పు మీదికి మళ్లింది. మనిషి వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను సముద్రం అనుకున్నంత వేగంగా పీల్చుకోలేదని హన్స్ సూస్‌తో కలిసి 1957లో చూపారు. చార్లెస్ కీలింగ్‌ను స్క్రిప్స్‌కు రప్పించి, గాలిలో ఆ వాయువును క్రమం తప్పకుండా కొలిపించారు.

మన దేశంతోనూ ఆయనకు అనుబంధం ఉంది. హిందూ మహాసముద్ర అంతర్జాతీయ పరిశోధన యాత్రకు పునాది వేసినవారిలో ఒకరు. 1964-66 నాటి కొఠారీ విద్యా కమిషన్‌లో సభ్యుడు. స్క్రిప్స్‌లో పనిచేసిన యూజీన్ లాఫాండ్ 1950లలో వాల్తేరుకు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్రశాస్త్రం బోధించారు.

రెవెల్ 1991 జులై 15న కన్నుమూశారు. 1958లో కీలింగ్ కొలతలు మొదలైనప్పుడు పది లక్షల భాగాల గాలిలో సుమారు 315 భాగాలున్న కార్బన్ డయాక్సైడ్, ఆ ఏటికి సగటున 355 దాటింది. బికినీలో అల నిమిషాల్లో అణిగిపోయింది. ఈ అంకె మాత్రం ఇప్పటికీ పెరుగుతూనే ఉంది.