పెట్టెలో వచ్చిన దుర్భిణి – నవాబు జఫర్ జంగ్ గారి జీవితం

పోయినసారి గోడపత్రికలో పదో తరగతి అక్కలు మన కొమురం భీం గురించి రాశారు. ఈసారి నా వంతు. నేను ఒక నవాబు గారి గురించి రాస్తున్నాను. నవాబు అనగానే నిజాం మనిషి అని మీకు కోపం వస్తదేమో, నాకు గూడ మొదట అట్లనే అయింది. అయినా చదవండి.

ఎండాకాలం సెలవులల్ల నేను హైదరాబాదు పాతబస్తీకి మా మామ కాడికి పోయిన. మామ ఫిసల్‌బండ దిక్కు ఒక బిల్డింగుకు వాచ్‌మన్. ఆ దగ్గర్లనే పైగా వంశం వాళ్ళ సమాధులు ఉన్నాయి. గోడలకు జల్లెడ లెక్క సన్నటి చెక్కుడు పని. ఈ పైగా వాళ్ళెవరని బడి తెరిచినంక సైన్సు సారును అడిగితే, వెతికి పుస్తకం ఇచ్చిండు. అందులో నాకు సమాధుల కంటె దుర్భిణి ముచ్చట ఎక్కువ నచ్చింది.

పైగా వాళ్ళంటే నిజాం తర్వాత అంతటి వాళ్ళు. ఫౌజు నడపడం వాళ్ళ పని. ఆ వంశంలో ఖుర్షీద్ జా గారి కుమారుడు జఫర్ జంగ్. ఆయన ఇంగ్లాండులో చదువుకున్నారు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర సైన్యానికి మంత్రిగా పనిచేశారు. పైసలకు కొదువ లేదు. అటువంటి వాళ్ళు వేటకు, గుర్రాలకు ఖర్చు పెడతారు గదా, ఈయన చుక్కల కోసం పెట్టిండు.

డబ్లిన్ పట్టణంలో గ్రబ్ అనే కంపెనీ చేసిన దుర్భిణిని ఆయన కొన్నారు. దాని అద్దం అడ్డంగా 15 అంగుళాలు, అంటే మన హాస్టల్ అన్నం పళ్ళెం కంటె పెద్దది. నిజాం పేరు మీద నిజామియా అబ్జర్వేటరీ అని పేరు పెట్టుకోవడానికి అనుమతి అడిగారు. తాను చనిపోయినంక దాన్ని సర్కారు తీసుకొని నడపాలని కూడా కోరారు. 1901లో ఫిసల్‌బండలోని తన స్థలంలోనే అది మొదలయింది. ఫొటోలు తీసే 8 అంగుళాల దుర్భిణి కూడా తెప్పించారు.

దుర్భిణి కొనంగనే చుక్కలు కనపడవు. ఇది నాకు తెలువదు, సారు చెప్పినంకనే తెలిసింది. పెద్ద దుర్భిణి ఓడలో ముక్కలు ముక్కలుగా వస్తది. దాన్ని నిలబెట్టే దిమ్మె భూమిలోకి గట్టిగా పోవాలె. మనిషి నడిస్తే కూడా కదలొద్దు. దాని ఇరుసు సరిగ్గా ధ్రువ నక్షత్రం దిక్కు చూడాలె, హైదరాబాదులో అయితే నేల నుంచి 17 డిగ్రీల కంటె కొంచెం ఎక్కువ ఎత్తుకు. భూమి తిరుగుతది కాబట్టి చుక్క గంటకు 15 డిగ్రీలు జరుగుతది. దాని వెంబడి గొట్టాన్ని గడియారం లాంటి యంత్రం మెల్లగా తిప్పాలె. ఇసుర్రాయి నడుమ కొయ్య వంకరగుంటే పిండి ఒక్క దిక్కే పడ్డట్టు, ఇరుసు జరంత వంకర పోయినా చుక్క తప్పిపోతది.

జఫర్ జంగ్ గారు 1907లో చనిపోయారు. 1908లో సర్కారు ఆయన కోరినట్టే అబ్జర్వేటరీని తీసుకున్నది. చాట్‌వుడ్ అనే ఇంగ్లీషు దొర మొదటి డైరెక్టరు. ఆయన కాలంలో దాన్ని పాతబస్తీ నుంచి బేగంపేటకు మార్చారు. 1914లో పోకాక్ వచ్చారు. తర్వాత 1918 నుంచి భాస్కరన్ గారు, మన దేశం మనిషి. 1919లో ఉస్మానియా యూనివర్సిటీ కిందికి వచ్చింది. ఆ 15 అంగుళాల దుర్భిణి పనికి వచ్చేసరికి 1922 అయింది! కొన్నాయన పోయి 15 ఏండ్లు. ఈ మాట చదివి నాకు చానా బాధ అయింది.

చిన్న దుర్భిణి మాత్రం ఊరికే కూర్చోలేదు. ఆ కాలంలో ప్రపంచంలో ఇరవై దాకా అబ్జర్వేటరీలు ఆకాశాన్ని పొలం లెక్క పంచుకొని ఫొటోలు తీశాయి. అందులో హైదరాబాదుకు కూడా వాటా వచ్చింది. ఇక్కడివాళ్ళు 7 లక్షల 60 వేలకు పైగా చుక్కల జాగాలు కొలిచి రాశారు. మా అవ్వకు సప్తర్షులు అంటే ముసలమ్మ మంచం, దాన్ని ఎత్తుకపోయే ముగ్గురు దొంగలు. అవ్వకు తెలిసినవి వందలోపే ఉంటయి. అన్ని లక్షలు ఎట్ల లెక్కపెట్టిండ్రో!

ఇప్పుడు కూడా బిగించే కష్టమే పెద్ద కష్టమంట. 1990లో హబుల్ దుర్భిణిని ఆకాశంలోకి పంపితే అద్దంలో లోపం బయటపడ్డది. 1993లో మనుషులు పోయి, రోబో చెయ్యి సాయంతోటి బాగు చేశారు. 2021లో పంపిన జేమ్స్ వెబ్ అద్దం అడ్డంగా 6.5 మీటర్లు. రాకెట్టులో పట్టదు, అందుకని 18 ముక్కల అద్దాన్ని మడత పెట్టి పంపితే పైన విచ్చుకున్నది. అది 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్నది, అక్కడికి పానా పట్టుకొని ఎవరు పోతరు? ఇంకా పెద్ద దుర్భిణి కావాలంటే ముక్కలు కొన్ని కొన్ని చేసి వేరువేరు రాకెట్లలో పంపి, అక్కడనే రోబోలతో బిగించాలని సైంటిస్టులు ఆలోచన చేస్తున్నారు. అట్లాంటి పెద్ద దుర్భిణిని ఇంకా ఎవరూ చేయలేదు. జఫర్ జంగ్ గారి ముక్కలకు రోబోలు లేవు, మనుషులు దొరికేదాక ఆగినయి.

వార్డెన్ మేడం గారికి ఒక మనవి. మన స్టోరు రూములో బియ్యం బస్తాల వెనుక ఒక అట్టపెట్టె ఉన్నది. సైన్సు సామాన్లతో వచ్చిన చిన్న దుర్భిణి. నేను ఆరో తరగతిలో చేరినప్పటి నుంచి దానికి కట్టిన తాడు అట్లనే ఉన్నది. అద్దం పగులుతదని భయపడి ఎవరూ తీయలేదు, అది తప్పు గాదు. మా ఊర్లె బోరింగు బాగు చేసేటప్పుడు నాన్నకు పానాలు అందించింది నేనే, ఏ నట్టు ఎక్కడిదో గుర్తు పెట్టుకుంట. సారు పక్కన ఉంటే ఈ ఆదివారం విప్పుతం. రాత్రి గ్రౌండుల గంట సేపు లైట్లు బంద్ చేయడానికి కూడా అనుమతి ఇవ్వగలరు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని